గంగయ్య కళ్ళకు గంతలు

సోమవారం పొద్దున గంగయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. రాహుకాలం వెళ్ళగానే గూడుబండి కట్టించుకుని మిషను ఆసుపత్రికి పోవడం, భార్య కన్యకనూ పన్నెండు రోజుల కూతురినీ ఎక్కించుకుని రావడం, భోజనం చేసి నరసాపురం బజారులో తన బెల్లం కొట్టు తెరవడం. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదు. ఒక్క చిక్కు మాత్రం ఉంది. అతను కూతురి ముఖం చూడకూడదు.

పిల్ల అశ్విని నక్షత్రం మొదటి పాదంలో పుట్టిందని సిద్ధాంతి లెక్క తేల్చాడు. అది తండ్రికి దోషం. ఇరవయ్యేడో రోజున శాంతి చేయించి, పళ్ళెంలో నూనె పోసి, ముందు ఆ నూనెలో పిల్ల నీడను చూసి, ఆ తరువాతనే తండ్రి నేరుగా ముఖం చూడాలి. ఎనిమిదేళ్ళ కాపురానికి పుట్టిన మొదటి పిల్ల. చూడాలని గంగయ్య ప్రాణం కొట్టుకుపోతోంది. అయినా ఈ పన్నెండు రోజులూ కన్యకకు అన్నం గిన్నెలు మోసుకెళ్ళి, గోడవైపు తిరిగి మాట్లాడి వస్తున్నాడు. బాలింత బెంగపెట్టుకుంటుందని దోషం సంగతి ఆమె చెవిన వెయ్యలేదు.

పోనీ పిల్లను తెమ్మని తన తల్లిని పంపుదామంటే ఆసుపత్రి కట్టుబాటు అడ్డం వచ్చింది. నానమ్మల చేతికిస్తే వాళ్ళు ఇల్లు చేరీచేరగానే పసిగుడ్డుకు ఆముదం పట్టేస్తున్నారనీ, నిద్రపోవడానికి నల్లమందు నాకించేస్తున్నారనీ అక్కడి డాక్టరు దొరసానికి కోపం. అందుకని తండ్రే స్వయంగా రావాలంది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని, మెడ కింద చెయ్యి ఎలా వెయ్యాలో నేర్చుకుని, నర్సు చెప్పే జాగ్రత్తలన్నీ విని, తిరిగి అప్పజెప్పితేగాని పంపదు.

"కళ్ళు మూసుకుంటే సరిపోతుంది కదమ్మా" అన్నాడు గంగయ్య.

"నీ సంగతి నాకు తెలీదేంటి నాయనా. పిల్ల కేరుమంటే చాలు, తెరిచేస్తావు" అని తల్లి శ్యామలాంబ పసుపుగుడ్డ మడతపెట్టి అతని కళ్ళకు గంతలు కట్టింది. "ఎవరన్నా అడిగితే ఏదో ఒకటి చెప్పు. నక్షత్రం మాట మాత్రం ఎత్తకు. వాళ్ళు నవ్వుతారు."

నవ్వుతారని కాదు గంగయ్య బాధ. మూడు రోజుల నొప్పుల తరువాత మంత్రసాని చేతులెత్తేసిన కన్యకను బతికించింది ఆ దొరసాని. ఆవిడ దగ్గర నిలబడి, 'మీరు కాపాడిన పిల్ల వల్ల నాకు గండమండి' అని ఏ నోటితో చెప్పడం? ఆ మాట అనడం కంటే గుడ్డివాడిలా వెళ్ళడమే నయమనుకున్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర బండివాడు పోతురాజు అతణ్ణి చెయ్యి పట్టుకుని దింపాడు. మడి కట్టుకున్న శ్యామలాంబ బండిలోనే ఉండిపోయింది. సోమవారం అక్కడ కంటి రోగులను చూసే రోజని ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

కాంపౌండరు ఏసుపాదం గంతలు కట్టుకున్న మనిషిని చూడగానే ఎదురొచ్చి, భుజం పట్టి, వరండాలో బల్ల మీద కంటి రోగుల వరసలో కూర్చోబెట్టాడు.

"నేను కన్యక పెనిమిటినండి. ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్దామని వచ్చాను" అన్నాడు గంగయ్య.

"తీసుకెళ్దురుగానండి. ముందు కళ్ళకేమైందో చెప్పండి."

గంగయ్య నోటికి వచ్చిన మొదటి జబ్బు పేరు చెప్పేశాడు. "కలకండి" అన్నాడు.

ఆ మాట దొరసాని చెవిన పడింది. ఆవిడ తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది కాబట్టి మాట్లాడితే పుస్తకం చదివినట్టే ఉంటుంది. "కండ్లకలకయా? అది మిక్కిలి అంటుకొను వ్యాధి. ఇరువదియొక్క దినముల వరకు మీరు శిశువు వద్దకు పోరాదు" అంది.

గంగయ్యకు లోపల పండగైంది. పన్నెండూ ఇరవై ఒకటీ ముప్పైమూడు. ఈలోగా శాంతీ అయిపోతుంది, నూనె గొడవా తీరిపోతుంది. అబద్ధం ఇంత కలిసివస్తుందని తెలిస్తే మొదటి రోజే ఆడి ఉండేవాడు. కాని దొరసాని మాట ఇంకా పూర్తి కాలేదు.

"మీరు ప్రతిదినము ఇచ్చటికి వచ్చుచుంటిరి గదా. కావున తల్లిని, శిశువును వేరు గదికి మార్చవలెను. శిశువు కండ్లలో రెండు గంటలకొక పర్యాయము మందు వేయవలెను. కొంత మండును. ఏడ్చును."

గంగయ్య గతుక్కుమన్నాడు. తన అబద్ధానికి పసిపిల్ల కళ్ళు మండడమేమిటి? "అమ్మా, కలక కాదండి. ఏమీ లేదండి" అంటూ తనే గంతలు విప్పేశాడు. చుట్టుపక్కల పిల్లలెవరూ లేరు కాబట్టి ధైర్యంగా కళ్ళు తెరిచాడు కూడా.

దొరసాని రెప్పలు ఎత్తి చూసింది. ఎరుపు లేదు, పుసి లేదు, వాపు లేదు. "బయట ఏమియు లేదు. అయినను వెలుతురు చూడలేక గుడ్డ కట్టుకొంటిరి. వ్యాధి లోపల నున్నది" అని తేల్చి, ఏసుపాదానికి ఏదో సైగ చేసింది. గంగయ్య నోరు తెరిచేలోపల అతని రెండు కళ్ళలోనూ చుక్కలు పడ్డాయి. అవి కంటిపాపను పెద్దది చేసే చుక్కలట. అరగంట ఆగితే లోపలంతా కనిపిస్తుందట.

ఈలోగా ఆ వ్యాధి ఇంకా ఎవరికైనా సోకిందేమోనని ఏసుపాదం గేటు దాకా వెళ్ళాడు. దారంతా దుమ్ము తిన్న పోతురాజు అక్కడ నిలబడి కళ్ళు నులుముకుంటున్నాడు. అతణ్ణి రెక్క పట్టుకుని తెచ్చి వరసలో కూర్చోబెట్టాడు. బండిలో శ్యామలాంబ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అది పొయ్యిలో తడికట్టెల పొగ. ఆ సంగతి ఆవిడ ఎంత చెప్పినా ఏసుపాదం వినలేదు.

"నన్ను ముట్టుకోకయ్యా. మడి కట్టుకున్నాను" అంది శ్యామలాంబ.

"ముట్టుకోనండి. మీరే దిగి రండి. లేకపోతే దొరసానిగారే బండి దగ్గరికి వస్తారండి."

ఆ బెదిరింపు పనిచేసింది. శ్యామలాంబ దిగివచ్చి, కొడుక్కు మూరెడు ఎడంగా బల్ల చివర కూర్చుని, సణుగుతూనే వరసలో చేరింది.

లోపల నర్సు సంపూర్ణమ్మ కన్యక పక్క సర్దుతూ, గది మారాలని చెప్పింది. ఎందుకని కన్యక అడిగితే, "మీ ఆయనగారి కళ్ళకి ఏదో అయిందంటండి. గంతలు కట్టుకుని వచ్చారు" అంది. అంతే. కన్యక పిల్లను పొత్తిళ్ళతో సహా ఎత్తుకుని, సంపూర్ణమ్మ వద్దంటున్నా వినకుండా వరండాలోకి వచ్చేసింది.

"ఏమండీ, మీ కళ్ళకేమైందండీ?"

ఆ గొంతు వెనకే పిల్ల కేరుమంది. గంగయ్య రెండు చేతులతో ముఖం కప్పుకుని, బల్ల మీద నుంచి లేచి, గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

కన్యక అక్కడే ఆగిపోయింది. చాలా మెల్లగా మాట్లాడింది. "పన్నెండు రోజుల్నుంచీ చూస్తున్నానండి. వస్తారు, గోడకేసి తిరుగుతారు, వెళ్ళిపోతారు. ఒక్కసారన్నా దాని ముఖం చూళ్ళేదు. ఆడపిల్లని కదండీ? చూడ్డం ఇష్టం లేక కళ్ళకి గుడ్డ కూడా కట్టుకొచ్చారా? చెప్పండి. దాన్ని తీసుకుని మా పుట్టింటికి పోతాను."

గంగయ్య ఇక దాచలేకపోయాడు. గండం వస్తే తనకొక్కడికే వస్తుంది. ఇది ముగ్గురికీ వచ్చింది. గోడ మీద నుంచి నుదురు తియ్యకుండానే అంతా చెప్పేశాడు: అశ్విని మొదటి పాదం, తండ్రికి దోషం, నూనెపళ్ళెం, గంతలు, లేని కలక. "ఇష్టం లేకపోవడమేంటే. దాన్ని చూడకుండా రోజూ ఎలా వెళ్తున్నానో నాకే తెలుసు" అని ఏడ్చేశాడు. వరసలో ఉన్న కంటి రోగులందరూ తమ జబ్బులు మరిచిపోయి విన్నారు.

సంపూర్ణమ్మకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. "మొదటి పాదమని ఎవరన్నారండి?"

"సిద్ధాంతిగారు. ఆ రోజు నాలుగింటి దాకా మొదటి పాదమేనంట. పిల్ల రెండింటికి పుట్టింది కదండి."

"రెండింటికని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటమ్మా. ఇదే వరండాలో కూర్చుని ఏడుపు నేనే విన్నాను. వినగానే సిద్ధాంతిగారింటికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. ఆడపిల్ల అని మీరే చెప్పారు."

సంపూర్ణమ్మ లోపలికి వెళ్ళి పుట్టుకల పుస్తకం తెచ్చి, వేలుపెట్టి చదివింది. "రెండింటికి ఏడ్చింది పల్లెకారుల వీరవేణి కొడుకండి. మీ అమ్మాయి పుట్టింది అయిదున్నరకి. దొరసానిగారు తన గడియారం చూసి రాశారు."

అయిదున్నర. రెండో పాదం. రెండో పాదానికి ఏ దోషమూ లేదని సిద్ధాంతి ఆనాడే చెప్పాడు. శ్యామలాంబ అందరికంటే ముందు లేచి, మడి సంగతి మరిచి, కోడలి చేతుల్లోంచి పిల్లను అందుకుంది. "చూడు నాయనా, కరువుదీరా చూడు" అంటూ కొడుకు ముఖం దగ్గరికి తెచ్చింది.

గంగయ్య చేతులు తీసి, ఇటు తిరిగి, కళ్ళు విప్పార్చాడు. మంచు పట్టినట్టు మసక. ఆ మసకలో తెల్లటి పొత్తిళ్ళ ముద్ద ఒకటి కదులుతోంది. ఇంకా దగ్గరికి తెమ్మంటే అదీ పోయింది. పోతురాజు పిల్లను తీసుకుని వరండా ఆ చివరికి వెళ్ళాడు. అక్కడ మసక తగ్గింది గాని, ముఖం చింతగింజంత అయిపోయింది.

"చుక్కల బలము ఎనిమిది దినములుండును. పిదప దగ్గరి వస్తువులు చక్కగా కనబడును" అంది దొరసాని. లోపల ఏ వ్యాధీ లేదని అప్పటికే ఆవిడకు అర్థమైంది. పసిపిల్లకు చుక్కలు వద్దని చెప్పి, ఇంటికి పంపమని సంపూర్ణమ్మకు పురమాయించింది.

గంగయ్య కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. సంపూర్ణమ్మ పిల్లను ఒళ్ళో పెట్టి, అతని అరచేతిని మెడ కిందికి జరిపింది. తల్లిపాలు తప్ప తేనె కూడా నాకించకూడదనీ, ఆముదమూ నల్లమందూ దరి చేరనివ్వకూడదనీ, బొడ్డుకు బూడిద రాయకూడదనీ, బాలింతకు దాహమేస్తే కడుపునిండా కాచిన నీళ్ళు ఇవ్వాలనీ, మూడో నెలలో టీకాలు వేయించాలనీ చెప్పింది. గంగయ్య ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు. శ్యామలాంబ ఆముదం దగ్గర ఏదో అనబోయి, దొరసాని వైపు చూసి ఊరుకుంది.

పిల్ల చిన్న వేళ్ళతో అతని బొటనవేలు పట్టుకుంది. గంగయ్య కదలకుండా కూర్చుని, ఆ మసకలోకి చూస్తూనే ఉన్నాడు. కన్యక పక్కకు వచ్చి ఒదిగి కూర్చుంది. ఆవిడ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పండి. ఎవరి పోలికండీ?"

"ఇంకెవరి పోలికే. అచ్చం నీ పోలికే" అన్నాడు గంగయ్య.

ఆ రోజు అతనాడిన రెండో అబద్ధం అది. దానికి మాత్రం ఎవరూ చుక్కలు వెయ్యలేదు.