మూడుసార్లు మోగిన బెల్లు

డ్రాయింగు మాస్టారు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే, పదిన్నరలోగా వాకిలి బెల్లు బాగుచేయించడం. అది మూగబోయి ఆర్నెల్లయింది. ఇన్నాళ్ళూ వచ్చేవాళ్ళు తలుపు బాదుతున్నారు, ఆయన తీస్తున్నారు, ఎవరికీ లోటు లేదు. కానీ ఈరోజు వస్తున్నది అన్నయ్య. ఒకరి తలుపు బాదడం మర్యాద కాదనుకునే మనిషి. బెల్లు మూడుసార్లు నొక్కుతారు. నాలుగోసారి నొక్కడం ఆయన ఒంట్లోనే లేదు.

తనను చదివించి ఇంతవాణ్ణి చేసిన ఆ అన్నయ్యను ఎనిమిదేళ్ళ కిందట ఇదే గుమ్మంలో నిలబెట్టి "వెళ్ళు" అన్నది మాస్టారే. మాటామాటా దేనికి పెరిగిందో ఇప్పుడు సరిగ్గా గుర్తు కూడా లేదు. ఆ ఒక్క మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. నిన్న వదిన ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య తనంతట తానే వస్తానన్నారయ్యా. చెవికి కొత్త మిషను కూడా పెట్టించుకున్నారు, నువ్వు చెప్పేది ఒక్క ముక్క పోకుండా వినాలట. గుమ్మంలో నిలబెట్టకు నాయనా. ఈసారి తిరిగొచ్చేస్తే ఇక జన్మలో రారు."

ఎలక్ట్రీషియన్ ఎనిమిదింటికి వచ్చి, బెల్లు మూత విప్పి, పెదవి విరిచాడు.

"ఎవడు సార్ ఈ పని చేసింది?"

"నువ్వే."

"అయితే వైరు మంచిది కాదు," అన్నాడతను ఏమాత్రం తొణక్కుండా.

ఆ వైరు పీకేసరికి వంటింట్లో లైటు ఆరిపోయింది. లైటు సరిచేసి బెల్లు నొక్కితే బాత్రూములో ఫ్యాను తిరిగింది. లోపలున్న మాస్టారి భార్య హడలిపోయి తడిచేతులతో బయటికొచ్చింది.

"బెల్లు చూడమంటే కొంప కూల్చేలా ఉన్నాడండీ!"

"రెండు వైర్లు కలిశాయమ్మా, చిన్న విషయం," అంటూ అతను ఇంకో గోడ మీద పడ్డాడు. తొమ్మిదిన్నరకి హాల్లో స్విచ్చిబోర్డు పేగులు బయటేసుకుని వేలాడుతోంది. తలుపుకి అడ్డంగా ఒక వైరు బిగుతుగా సాగి ఉంది.

"నేను బయట నిలబడి నొక్కుతుంటాను సార్. మోగిందో లేదో లోపల్నుంచి అరవండి. తలుపు మాత్రం తీయొద్దు. వైరు తెగిందంటే మళ్ళీ మొదటికొస్తాం."

నొక్కాడు. "లేదు!" అని అరిచారు మాస్టారు. మళ్ళీ నొక్కాడు. "గురగురమంది!" మళ్ళీ. "ఫ్యానే తిరిగింది!" ఇరవైసార్లయ్యేసరికి మాస్టారి తల ప్రాణం తోకకొచ్చింది. తర్వాత కొంతసేపు అలికిడి లేదు. ఏదో బిగిస్తున్నాడు కాబోలు అనుకున్నారు.

సరిగ్గా పదింటికి బెల్లు ఖంగుమంది.

"మోగింది!" అన్నారు మాస్టారు.

మళ్ళీ మోగింది.

"విన్నానయ్యా! ఎన్నిసార్లు నొక్కుతావు?"

కొంచెం ఆగి, మెల్లగా, మూడోసారి మోగింది.

"నీకేమన్నా చెవుడా? ఇంకోసారి నొక్కావంటే ఊరుకోను. వెళ్ళు!"

ఆ తర్వాత మోగలేదు. ఇన్నాళ్ళకు ఒక పని సవ్యంగా జరిగిందని మాస్టారికి తృప్తి కలిగింది. ఉతికిన చొక్కా తొడుక్కున్నారు. భార్య మంచి కుర్చీని దులిపి ఫ్యాను కిందికి జరిపింది. వస్తూనే కాళ్ళకు దండం పెట్టేయాలని, తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చని ఆయన నిర్ణయించుకున్నారు.

కాసేపటికి ఎవరో తలుపు బాదారు.

"నేనే సార్, ఎలక్ట్రీషియన్ని. క్లిప్పులు అయిపోతే షాపుకెళ్ళి తెచ్చాను. అరగంట పట్టింది, అక్కడంతా జనం."

మాస్టారు తలుపుకి దగ్గరగా జరిగారు.

"మరి ఇందాక మూడుసార్లు నొక్కిందెవరు?"

"ఏమో సార్. మెట్ల మీద ఎవరో పెద్దాయన దిగుతూ ఎదురయ్యారు. చెవిలో మిషను తీసి జేబులో పెట్టుకుంటున్నారు."

మాస్టారు తలుపు లాగి, చెప్పులు కూడా లేకుండా వీధి చివరిదాకా పరుగెత్తారు. ఎక్కడా అన్నయ్య లేరు. జేబులో ఫోన్ మోగింది. వదిన.

"పదిన్నర దాకా ఆగలేక అరగంట ముందే వచ్చేస్తానని బయల్దేరారయ్యా," అంటోంది నవ్వుతూ. "ఏం చేస్తున్నారు ఇద్దరూ?"

మాస్టారు నడిరోడ్డు మీద ఏడ్చారు. ఆమె "హలో, హలో" అంటూనే ఉంది.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఎలక్ట్రీషియన్ తెగిపోయిన వైరు పట్టుకుని చిన్నబుచ్చుకుని నిలబడి ఉన్నాడు.

"తలుపు తీయొద్దని ముందే చెప్పాను కద సార్."