మొదటి గిరాకీ

ఆ ఉదయం వాచీల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కొట్టు తెరవాలి, మొదటి గిరాకీ ఏం తెస్తాడో చూడాలి, దాన్నిబట్టి బతుకు తేల్చుకోవాలి.

కొట్టు ఇరవై రెండేళ్ళది. ఈమధ్య బేరాలు పలచబడ్డాయి. పెద్దవీధిలో ఒక గది ఖాళీగా ఉంది కానీ, మధ్యాహ్నం పన్నెండులోగా మాట చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని దాని యజమాని అన్నాడు. మారినచోట అచ్చిరాకపోతే ఉన్నదీ పోయి, ఉంచుకున్నదీ పోయి, ఇద్దరు పిల్లలతో వీధిన పడాలి. పాపం, మేస్త్రికి భయం పట్టుకుంది. అందుకే ప్రభువును గుర్తు అడిగాడు. మొదట గోడగడియారం వస్తే మారమని, చేతివాచీ వస్తే ఉండమని అర్థం. కాకపోతే ఆ అడిగేదేదో మనసులో అడగకుండా, ముందురోజు ప్రార్థన కూటంలో లేచి నిలబడి, అందరికీ వినబడేలా అడిగాడు.

తలుపు తీసేసరికి పక్కకొట్టు దర్జీ మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రి వెళ్ళిపోతే కబుర్లకు తోడుండదని ఆయన దిగులు. లేచి చేతివాచీ అందించబోయాడు. సరిగ్గా అప్పుడే పెద్దవీధి యజమాని చంకలో గోడగడియారంతో ఆయన్ను తోసుకుంటూ వచ్చాడు. తాను ఆరింటినుంచే కాచుకున్నానన్నాడు దర్జీ. మూసిన కొట్టుముందు కూర్చుంటే అది గిరాకీ కాదు, కాపలా అన్నాడు యజమాని.

గొడవ విని కూటంలోవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. మేస్త్రి బాగుపడాలనుకునేవాళ్ళు గోడగడియారాలు తెచ్చారు, కళ్ళముందే ఉండాలనుకునేవాళ్ళు చేతివాచీలు తెచ్చారు. ఎటూ తేల్చుకోలేని ఒక ముసలమ్మ అలారం గడియారం తెచ్చింది. పదింటికల్లా బల్లమీద పదకొండు పోగయ్యాయి. విప్పి చూస్తే అన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి. పాస్టరుగారు వచ్చేసరికి మేస్త్రి తల పట్టుక్కూర్చున్నాడు.

"అయ్యగారూ, అటు ఐదు, ఇటు ఐదు. ఇక దేవుడి మనసు తెలిసేదెట్లాగండీ?"

"సరే గానీ, ఆ గది ఎట్లా ఉంది?"

"ఇంకా చూడలేదండి. గుర్తొచ్చాక చూద్దామని."

"దేవుణ్ణి అడగాల్సిందేనయ్యా," అన్నారు పాస్టరుగారు. "అడిగాక కళ్ళు మూసుకుని కూర్చోమని ఆయన ఎక్కడా చెప్పలేదు."

మేస్త్రి భార్యను వెంటబెట్టుకుని పరుగున వెళ్ళాడు. గది మెట్లకింద ఉంది. పగలే దీపం కావాలి. మేస్త్రి అక్కడున్న బల్లముందు కూర్చుని, భూతద్దం కంటికి పెట్టుకుని, వెంట తెచ్చుకున్న దర్జీగారి వాచీని విప్పబోయాడో లేదో, రోడ్డుమీద లారీ వెళ్ళింది. బల్ల అదిరి స్క్రూ ఎగిరిపోయింది. ఇద్దరూ నేలమీద వంగి పావుగంట వెతికారు. అట్లా మోకాళ్ళమీద ఉండగానే ఆయన ప్రార్థన కూడా చేసుకున్నాడు. ఈసారి గుర్తులేం అడగలేదు. స్క్రూ దొరికింది, మనసు కుదుటపడింది. ఇది తన పనికి చోటు కాదని నిశ్చయంగా తెలిసింది.

"ఇక్కడే ఉందాం," అంది భార్య. "గిరాకీలు మన దగ్గరికి రాకపోతే మనమే వాళ్ళ దగ్గరికి వెళ్దాం. ఊళ్ళో ఆగిపోయిన గోడగడియారాలకు కొదవా?"

పన్నెండు కాకముందే యజమానికి వద్దని చెప్పేశారు. మధ్యాహ్నం బడికి వెళ్తే, తరగతి గదుల్లో ఎప్పుడో ఆగిపోయిన ఏడు గడియారాలు చేతికొచ్చాయి. హెడ్మాస్టరు ఇక ప్రతినెలా వచ్చి చూసుకోమన్నాడు. మేస్త్రి కళ్ళు చెమర్చాయి.

ఈ సలహా తాను పోయినేడాదే ఇచ్చానని భార్య ఒక్కసారంటే ఒక్కసారే గుర్తుచేసింది. ఆ ఒక్కసారి సాయంత్రందాకా సాగింది.