ఎర్రనీళ్ల బంగారం

పదకొండింటికి కమిటీ. తొమ్మిదిన్నరకి ఇల్లు కదిలితే ఆటోలో పది నిమిషాల్లో క్యాంపస్. మధ్యలో తీరిగ్గా ఓ టీ కూడా తాగొచ్చు. ఆ ఉదయం తార్నాక ఫ్లాట్‌లో కౌముది వేసుకున్న ప్లాను ఇంతే. అత్తగారు అరుంధతిని లెక్కలోకి తీసుకోకపోవడమే అందులో ఉన్న లోపం.

కౌముది క్యాన్సర్ మందు మీద పరిశోధన చేస్తోంది. సరిగ్గా చెప్పాలంటే మందు మీద కాదు, మందును మోసుకెళ్లే బండి మీద. కంటికి ఆనని బంగారు రేణువులు చేసి, వాటి మీద మందు ఎక్కిస్తే, దారిలో ఎక్కడా దిగకుండా తిన్నగా క్యాన్సర్ కణం దగ్గరే దిగాలి. సిటీ బస్సు లాంటిదే అనుకోండి, కాకపోతే ఇది స్టాపులో ఆగి తీరాలి. చిత్రమేమిటంటే, బంగారాన్ని అంత సన్నగా చేస్తే నీళ్లలో ఎర్రగా కనిపిస్తుంది. ఉప్పు తగిలిందా, రేణువులన్నీ ముద్దకట్టి నీలంగా మారిపోతాయి. మనిషి రక్తమేమో ఉప్పన!

"ఒంట్లోకి వెళ్లగానే నీలమయ్యే సరుకు ఎవరికి కావాలమ్మా?" అని కిందటిసారి కమిటీ పెద్ద ప్రొఫెసర్ శశిభూషణ్ పెదవి విరిచారు. కౌముది ఎనిమిది నెలలు నిద్ర మానుకుని రేణువులకు కొత్త పూత వేసింది. ఇవాళ ఉప్పు వేసినా ఎర్రగా నిలిస్తే ప్రాజెక్టు మరో రెండేళ్లు. నీలమైతే ఇంటికి. ఉన్నదంతా ఒక్క సీసా. నిన్న ల్యాబులో ఫ్రిజ్ మొరాయిస్తే, ఇంకా మందు కలపలేదు కదా అని, ఇంటికి తెచ్చి గోంగూర పచ్చడి డబ్బా పక్కన పెట్టింది.

స్నానం చేసి వచ్చేసరికి గుమ్మంలో అరుంధతి పళ్లెంతో సిద్ధం.

"తూర్పుకి తిరిగి నిలబడు. నాలుగు రోజులుగా మొహం ఎంత పీక్కుపోయిందో చూసుకున్నావా?"

వాదిస్తే పది నిమిషాలు, దిష్టి తీయించుకుంటే రెండు. కౌముది బుద్ధిగా నిలబడింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, కమిటీ దిష్టి..." అంటూ అరుంధతి మూడుసార్లు తిప్పి, కిందికి వెళ్లి నాలుగు దారుల మధ్య ఎర్రనీళ్లు పారబోసి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్లు కడుక్కుంది.

కౌముది ఫ్రిజ్ తెరిచింది. సీసా లేదు. గిన్నెల బుట్టలో, శుభ్రంగా తోమి, బోర్లించి ఉంది.

"అత్తయ్యగారూ! ఇందులోవి ఏవీ?"

"ఎర్రనీళ్లేగా? ఇంట్లో సున్నం అయిపోయింది. నువ్వే కలిపి ఉంచావని వాటినే వాడాను. నా కోడలికి ఇంత తెలుసా అని ఎంత ముచ్చటేసిందో! ఘాటుగా ఉంటుందని గుప్పెడు రాళ్లుప్పు కూడా వేశాలే."

"ఉప్పా!"

కౌముది సీసా, డ్రాపర్ పట్టుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

ఆఫీసులకు వెళ్లే వేళ. అయినా రోడ్డు గుంటలో నీళ్లు అలాగే ఉన్నాయి. బైకులు వంకర తిరిగి పోతున్నాయి. కోచింగ్ సెంటర్ పిల్లలు గంతేసి తప్పుకుంటున్నారు. భౌతికశాస్త్రం చదివినంత మాత్రాన దిష్టినీళ్లు తొక్కుతారా ఎవరైనా? కౌముది మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు పీల్చడం మొదలుపెట్టింది.

వాచ్‌మన్ వెంకటనర్సయ్య లబలబలాడుతూ వచ్చాడు. "మేడం, ఏంది గిది? దిష్టినీళ్లు ముడ్తున్నరేంది!"

"అడ్డు రాకు నర్సయ్యా, ఇందులో బంగారం ఉంది!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"బంగారమంట!" "ఏడ?" "గాడ, నీళ్లల్ల!" "గొలుసు పడ్డదా?" "గొలుసు కాదు భాయ్, లంకెబిందె అంట!" ఆటో ఒకటి అడ్డంగా ఆగింది. దాని వెనక బస్సు, బస్సు వెనక ఇంకో బస్సు. హారన్లు మోగిపోతున్నాయి. బంగారం మీద ఆశ జనాన్ని ఒక అడుగు ముందుకు తోస్తుంటే, దిష్టి భయం రెండడుగులు వెనక్కి లాగుతోంది.

ఇంతలో అరుంధతి దిగింది. "అయ్యో రాత! తీసిన దిష్టిని మళ్లీ ఇంట్లోకి తెస్తావా?"

"ఇంట్లోకి కాదు, యూనివర్సిటీకి."

"అయితే సరే," అని అరుంధతి కొంగు బిగించి జనం వైపు తిరిగింది. "ముట్టుకున్నవాళ్ల ఇంటికే పోతుంది దిష్టి. ఆపైన మీ ఇష్టం!"

రోడ్డు క్షణంలో ఖాళీ అయింది.

తారు మీద రంగు సరిగా తెలియలేదు. సీసాలో చూసే ధైర్యం కౌముదికి లేదు. చున్నీలో చుట్టి, పదకొండూ ఐదుకి దుమ్ము కాళ్లతోనే కమిటీ ముందు నిలబడింది. దిష్టి సంగతి ఒక్కటి మింగేసి మిగతాది చెప్పింది: రెండు గంటల కిందట ఇంట్లో ఉప్పు కలిసింది, రోడ్డు మీద ఒలికింది, ఎత్తి తెచ్చాను.

శశిభూషణ్ సీసాకు చుట్టిన చున్నీ విప్పి, వెలుతురు కోసం సీసాను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లారు. కౌముది కళ్లు మూసుకుంది.

"ఉప్పు ఎంత?"

"గుప్పెడు సార్. మా అత్తయ్యగారి గుప్పెడు."

"మేం చిటికెడే కదమ్మా వేయమన్నాం! గుప్పెడు రాళ్లుప్పు, రోడ్డు దుమ్ము, పైగా రెండు గంటలు... అయినా చూడండయ్యా, ఎంత ఎర్రగా ఉందో!"

వడగట్టి యంత్రంలో పెట్టి చూశారు. ఒక్క రేణువూ ముద్దకట్టలేదు. కౌముదికి ఎగిరి గంతేయాలనిపించింది, వేసింది కూడా. రెండేళ్ల పొడిగింపు మీద ఐదు సంతకాలూ చకచకా పడ్డాయి.

శశిభూషణ్ మిగిలిన సీసాను మురిపెంగా పట్టుకుని మళ్లీ గుమ్మం దగ్గర వెలుగుకెత్తారు. "ఇంత కఠినమైన పరీక్ష నా సర్వీసులో చూడలేదు. ఎవరిదమ్మా ఆలోచన?"

"మా అత్తయ్యగారిది సార్."

"ఆహా! ఏ డిపార్ట్‌మెంటు?"

ఆనందంలో ఉన్న మనిషికి అబద్ధం తోచదు. "డిపార్ట్‌మెంటేం లేదు సార్. ఆవిడ వాటితో నాకు దిష్టి తీసి నాలుగు దారుల్లో పారబోశారు."

శశిభూషణ్ చటుక్కున సీసాను ఒంటికి దూరంగా జరిపారు. నాలుగు చుక్కలు గుమ్మంలో ఒలికాయి.

భోజనాల వేళ ఆ ఐదుగురు శాస్త్రవేత్తలూ ప్యాంట్లు పైకెత్తి పట్టుకుని, గుమ్మంలోని ఎర్రచుక్కలు తొక్కకుండా, గోడకు ఆనుకుని ఒక్కొక్కరే బయటికి వెళ్లారు.