అత్తగారు భద్రంగా ఉన్నారు

మనిషి చక్రం కనిపెట్టాక ఇంత భద్రమైన వాహనం రోడ్డెక్కలేదని ఒక విద్యుత్ కార్ల కంపెనీ మంగళవారం ఉదయం ప్రకటించింది. తొమ్మిదీ ఇరవైకి ఆ ప్రకటన నిజమైంది. ఆ కంపెనీ కారు ఒకటి, దాన్ని కొనుక్కున్న తాళాల మేస్త్రినే లోపలికి రానివ్వలేదు.

కారు ఇంటి ముందే ఉంది. వెనక సీట్లో అతని అత్తగారు కూర్చుని ఉన్నారు. పదకొండింటికి ఆవిడ కుడికంటికి శుక్లం ఆపరేషన్. ఆ తేదీ కోసం నాలుగు నెలలు ఆగారు. మరిచిపోయిన ఆసుపత్రి ఫైలు తెద్దామని మేస్త్రి ఇంట్లోకి వెళ్లి వచ్చేసరికి తలుపులు బిగుసుకున్నాయి. (ముందురోజు కంపెనీ సర్వర్ల నుంచి నలభై వేల కార్ల పాస్‌వర్డులు ఎవరో ఎత్తుకెళ్లారు. దొంగలు తెరవకుండా ఉండాలని కంపెనీ ఆ కార్లను ఎవరూ తెరవలేకుండా చేసింది.) లోపలి పిడి కూడా పనిచేయదు. దొంగ అప్పటికే లోపలుంటే పారిపోకూడదు కదా. ఏసీ మాత్రం నడుస్తోంది. దొంగకైనా ఉక్కపోయకూడదని నియమావళిలో ఉంది.

మేస్త్రి ముప్పై ఏళ్లుగా జనం తాళాలు తెరుస్తున్నాడు. ఈ కారుకు తాళం కన్నమే లేదు. కంపెనీకి ఫోన్ చేశాడు.

"వాహన విశ్వాస విభాగమండీ. మీ కారు పూర్తి భద్రంగా ఉంది," అంది ఒక అమ్మాయి.

"కారు సంగతి సరేనమ్మా. మా అత్తగారు లోపలున్నారు."

"ఆవిడ కూడా భద్రంగానే ఉన్నారండీ. కారు తెర మీద ఆరంకెల ఓటీపీ వస్తుంది, చదివి చెప్పండి."

"తెర లోపలుంది. నేను బయటున్నాను. పోనీ, అద్దం పగలగొట్టనా?"

"అలా చేస్తే కారు పోలీసులకు దొంగ ఫొటో పంపుతుందండీ. అందులో మీరే ఉంటారు."

మేస్త్రి కంపెనీ లైను అలాగే ఉంచి, తన భార్య ఫోన్ తీసుకుని అత్తగారి ఫోన్‌కు చేశాడు.

"అత్తయ్యగారూ, తెర మీద అంకెలు కనిపిస్తున్నాయి కదా, చెప్పండి."

"ఓటీపీయా? చెప్పను."

"నేనండీ, మీ అల్లుణ్ణి!"

"అందరూ అలాగే అంటారట. అల్లుడే అడిగినా చెప్పొద్దని పోయిన నెల నాచేత ఒట్టేయించుకున్నది మీరేగా?"

"అద్దం పక్కనే ఉన్నాను, చూడండి!"

"ఎవరో తెల్లచొక్కా మనిషి ఉన్నాడు. ఎవరో తెలిస్తే నాకు ఆపరేషన్ దేనికి బాబూ? సరే, మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు ఏం విరగ్గొట్టారు?"

మేస్త్రి వీధి అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "బీరువా తాళం."

"మీరే. రాసుకోండి."

(ఆవిడ ధ్రువీకరణ కంపెనీ ధ్రువీకరణకన్నా ముందే ముగిసింది.)

"నాలుగు, ఒకటి... ఇది ఎనిమిదో, మూడో. తర్వాతది సున్నా. కాదు, అది కూడా ఎనిమిదేనేమో..."

మూడుసార్లు చదివారు. మూడుసార్లూ తప్పింది. ఈసారి ఫోన్‌లోకి విభాగం ఉప పర్యవేక్షకుడు స్వయంగా వచ్చాడు.

"నియమం పద్నాలుగు ప్రకారం ఇకమీదట మీరు యజమాని కారండీ, అనుమానితులు. కారుకు పదడుగుల దూరంలో నిలబడాలి."

"మరి తలుపు ఎవరు తీస్తారు?"

"యజమాని అర్జీ పెట్టుకుంటే పద్నాలుగు రోజుల్లో తీస్తాం, అనుమానితులవారూ."

మేస్త్రి గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అక్కణ్ణుంచే అర్జీ పెట్టాడు. యజమాని మాత్రమే పెట్టాలని అది తిరిగొచ్చింది.

పదకొండూ ఇరవైకి కారు తలుపు దానంతటదే తెరుచుకుంది. ముందు సీటు కాస్త జరిగి, ఆవిడ కాళ్లకు చోటిచ్చింది.

"చాలా థాంక్సండీ," అన్నాడు మేస్త్రి, ఇంకా లైన్లోనే ఉన్న ఉప పర్యవేక్షకుడితో.

"మేం తీయలేదే!" ఆయన గొంతు మారింది. "ఇది భద్రతా ఉల్లంఘన. ఆవిణ్ణి దిగొద్దనండి. తలుపు మూయండి, మళ్లీ తాళం వేస్తాం."

అత్తగారు అప్పటికే దిగి, గేటు దాటి, ఆటో కోసం చెయ్యెత్తారు.

ఆసుపత్రికి వెళ్లేసరికి ఆవిడ బల్లమీద ఇంకొకరు పడుకుని ఉన్నారు. కొత్త తేదీ ఇచ్చారు. మరో నాలుగు నెలలు.

సాయంత్రం మేస్త్రి ఫోన్‌కు రెండు మెసేజీలు వచ్చాయి. మొదటిది కంపెనీది: "మీ కారుపై జరిగిన దాడిని విజయవంతంగా నమోదు చేశాం. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" రెండోది ముక్కూ మొహం తెలియని నంబరు నుంచి: "కారు మైకులో అన్నీ విన్నాను. తలుపు తీయడం ఆలస్యమైంది, ఏమనుకోకండి. పెద్దావిడ కన్ను ఎలా ఉంది?"

మేస్త్రి రెండోదానికి జవాబు రాశాడు. ఆపరేషన్ కొత్త తేదీ రాసి, ఆ రోజు కాస్త ఎనిమిదిన్నరకల్లా తలుపు తీసిపెట్టగలరా అని అడిగాడు.