దాలమ్మ ఫొటో కోసం కొన్న కెమెరా

హిందీ మాట్లాడే ఉక్కు పట్టణంలో స్థిరపడ్డ తెలుగువాళ్ల సంఘం, పర్సుడీహ్ ఆంధ్ర మిత్ర సమాజం. దాని కార్యవర్గం దాలమ్మను సన్మానించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆమె ముప్పయ్యొక్క ఏళ్లుగా సమాజం విందులకు వంట చేస్తోంది. ఆ ఏళ్ల ఆల్బములన్నీ హాల్లో బీరువాలో ఉన్నాయి. వాటిలో దాలమ్మ చెయ్యి రెండు చోట్ల, గరిటె ఐదు చోట్ల కనబడతాయి. ముఖం ఎక్కడా లేదు. ఫొటోలు తీసే వేళకు ఆమె వంటగదిలో ఉంటుంది.

ఏం కావాలో చెప్పమని అధ్యక్షుడు హరిప్రసాద్ ఆమెను అడిగారు.

"సాలువా వొద్దు బాబూ. మా ఆయన కంపెనీ గేటు పాసు పొటో పెద్దది సేయించి గోడకెట్టినాను. పక్కన ఇంకో మేకు కొట్టి ఉంచినాను. నా మొకం అగుపడీలాగ ఒక్క పొటో తియ్యండి, సాలు."

కార్యవర్గం చలించింది. యువజన ప్రతినిధి ఉమామహేశ్వరి మాత్రం, "ఫోన్ సే ఖీంచ్ లో నా అంకుల్, దో మినట్ కా కామ్ హై," అంది, ఫోన్‌తో తీస్తే రెండు నిమిషాల పనేనని. అప్పుడు బల్ల మీద పదకొండు ఫోన్లు ఉన్నాయి. ఫోన్ సమాజం గౌరవానికి తగదని, డిజిటల్ కెమెరా కొనాలని నిర్ణయమైంది. అందులో ఏయే సదుపాయాలకు అదనంగా చెల్లించవచ్చో తేల్చడానికి సాంకేతిక ఉపసంఘం వేశారు.

ఉపసంఘానికి సీతారామరావు చైర్మన్. ఆయన రోలింగ్ మిల్లు ఇన్‌స్పెక్షన్‌లో రిటైరయ్యారు. క్రేన్ కొనేటప్పుడు రాసే పద్ధతిలోనే కెమెరాకు ఏయే లక్షణాలు ఉండాలో నాలుగు పేజీల షీటు రాశారు. ఎంత వేడికి ఆగాలో మొదటి పేజీలో ఉంది. దేన్ని ఫొటో తీస్తారని బిష్టుపూర్ బజారులో కెమెరాల షాపు యజమాని అడిగాడు. వంట చేసే ఆవిడను అని చెప్పారు. అతను ఖరీదైన మోడళ్లను ముందుకు జరిపాడు.

జూమ్‌కు అదనంగా ఇవ్వాలా అన్నది మొదటి అంశం. వేదిక నుంచి వంటగది గడపకు అరవై అడుగులు. దాలమ్మనే వేదిక మీదికి పిలవవచ్చు కదా అని ఉమామహేశ్వరి అడిగింది.

"అప్పుడు పులిహోర ఎవులు కలుపుతారమ్మా?" అన్నారు హరిప్రసాద్.

జూమ్ మంజూరైంది.

వాన నీరు చొరబడని బాడీ రెండో అంశం. హాలు పైకప్పు మూడు చోట్ల కారుతుంది. పైకప్పు మరమ్మతు వాయిదా వేసి, ఆ డబ్బుతో వానకు తట్టుకునే కెమెరా తీసుకోవాలని తీర్మానించారు.

తర్వాత, ముఖాలను గుర్తించే సదుపాయం. చౌక మోడల్ ఒకేసారి ఎనిమిది ముఖాలను గుర్తిస్తుంది. కార్యవర్గంలో పదకొండు మంది.

"ఏ ముగ్గుర్ని వొగ్గేత్తాం? రేపు అలిగి కూకుంటారు. పెద్దదే తీసుకుందుం," అన్నారు సీతారామరావు.

దాలమ్మతో పన్నెండు మంది అవుతారని ఉమామహేశ్వరి గుర్తుచేసింది. షీటు అప్పటికే టైపు అయిపోయింది.

చివరిది, వెనకనున్నదాన్ని మసక చేసే లెన్సు. "ఆగే వాలా చకాచక్, పీఛే సబ్ గాయబ్," అని షాపు యజమాని సీతారామరావును రోడ్డు మీద నిలబెట్టి తీసి చూపించాడు. ఫొటోలో ఆయన మీసం వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. బిష్టుపూర్ లేదు. ఈ లెన్సు ఒక్కటే కెమెరా అంత ఖరీదు. చర్చ లేకుండా ఆమోదం పొందింది.

సన్మానం నాడు వాన పడింది. కెమెరాకు ఏమీ కాలేదు. దాలమ్మ పసుపు పట్టుచీర కట్టుకుని వచ్చింది. పులిహోర ముందే కలిపి ఉంచింది కాబట్టి ఆమెను వేదిక మీదికి పిలిచారు.

"దాలమ్మగారు ముప్పయ్యొక్క ఏళ్లు మన వెనక నిలబడ్డారు. ఇక ముందు కూడా అలాగే నిలబడాలని సమాజం తరఫున కోరుతున్నాను," అని హరిప్రసాద్ ప్రసంగించారు. చప్పట్లు కొట్టారు.

ముందు వరుసలో పదకొండు కుర్చీలు వేశారు. వెనక బ్యానరు. బ్యానరు దగ్గర దాలమ్మ.

"బాబూ, నేను అగుపడతన్నానా?"

"కదలకు దాలమ్మప్పా. అంతా కెమెరా సూసుకుంటాది," అన్నారు సీతారామరావు, వెనక్కి తిరగకుండా.

షాపు యజమాని స్వయంగా వచ్చి బటన్ నొక్కాడు.

ఫొటోలో పదకొండు ముఖాలు వచ్చాయి. వాటి వెనక పసుపు రంగు ఏదో ఉంది. ఉపసంఘం మళ్లీ సమావేశమై ఫొటోను పరిశీలించింది. అదనంగా పెట్టిన ప్రతి పైసా ఫలించిందని, ముఖ్యంగా లెన్సు విషయంలో, నివేదిక ఇచ్చింది. ఉమామహేశ్వరి తన ముఖం వరకు కత్తిరించి ప్రొఫైల్ ఫొటోగా పెట్టుకుంది.

దాలమ్మకు ఫ్రేము కట్టించి ఇచ్చారు. ఆమె దాన్ని మేకుకు తగిలించింది. పక్కింటి జోగమ్మ వచ్చి చూసింది.

"ఈలందరూ ఎవులే?"

"మా సమాజం పెద్దలు."

"మరి నువ్వేదే?"

"అద్గో, పసుప్పచ్చగా లేదేటి? అది నా సీర."

ఆ ఫొటో సమాజం వాట్సాప్ గ్రూపులో మూడు వందల ఇళ్లకు వెళ్లింది. కింద "దాలమ్మగారికి ఘన సన్మానం" అని రాశారు. దాలమ్మ ఎక్కడని ఎవరూ అడగలేదు. మీకూ వచ్చింది. మీరూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.