కుళాయి అక్కర్లేని గోడ

ఈ ఏడాదిని కణత్వచ సంవత్సరంగా పాటించాలని శాస్త్రీయ స్ఫూర్తి శాఖ మంత్రి డాక్టర్ తల్అత్ అల్ దరీనీ గారు నిర్ణయించారు. "దేశానికి సరిహద్దు ఎలాగో కణానికి పొర అలాగ. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో తేల్చేది ఆ పొరే. ఇంత బాధ్యత మోస్తున్న పొరను ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ సన్మానించలేదు" అంటూ ఆయన టీవీలో కళ్ళు తుడుచుకున్నారు. పొర కంటికి కనబడదని ఎవరో విలేకరి గుర్తు చేస్తే, కనబడకుండా పనిచేసేవాళ్ళంటే తమ శాఖకి మొదట్నుంచీ గౌరవమేనని జవాబిచ్చారు.

సన్మానానికి నైలు డెల్టాలోని కఫ్ర్ గిమ్మేజా బాలికల హైస్కూలును ఎంపిక చేశారు. ఆ స్కూల్లో జీవశాస్త్రం చెప్పే ఇన్సాఫ్, ల్యాబుకి ఒక కుళాయి ఇప్పించమని ఏళ్ళ తరబడి కైరోకి రాస్తూ వచ్చింది. దాంతో ఆ ఊరి పేరు శాఖలో అందరికీ నోరు తిరిగింది. కుళాయి అడిగినందుకు ఏకంగా మంత్రిగారినే పంపుతున్నారంటే ఆ శాఖ ఎంత పెద్ద మనసు చేసుకుందో చూడండి.

ల్యాబులో సింకు ఉంది. కుళాయి ఉండాల్సిన చోట కన్నం ఉంది. ఆ కన్నంలో ఆడపిల్లలు పెన్సిళ్ళు దాచుకుంటారు. నీళ్ళు మాత్రం పక్కనే ఉన్న మసీదులో, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే కుళాయిల్లో ధారాళంగా వస్తాయి. ల్యాబుకీ వాటికీ మధ్య గోడొక్కటే. ఇన్సాఫ్ రోజూ పొద్దున్నే రెండు ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని వీధి చుట్టూ తిరిగి వెళ్ళి, నింపుకుని, వంగిపోతూ తెచ్చుకునేది. బరువులెత్తితే నడుం పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పేశాడు.

"అబ్లా, ఆ మంత్రి చెవిలో ఒక్క మాట వెయ్యి," అన్నాడు మసీదు కాపలా చూసే హాజీ సందూబీ. టీచరమ్మని పిల్లలు అబ్లా అంటే ఊరంతా అబ్లా అనే అంటుంది. "నాకేం, నువ్వు ఎన్ని నీళ్ళయినా పట్టుకుపో. నీ నడుం చూస్తేనే భయమేస్తోంది."

"ఈసారి చెప్పకుండా వదల్ను హాజీ," అంది ఇన్సాఫ్. "ఒక్క నిమిషం దొరికితే చాలు."

ఏర్పాట్లు చూడ్డానికి మంత్రిగారి ప్రోటోకాల్ అధికారి లమ్లూమ్ బే ముందుగా వేంచేశారు. బే అంటే అక్కడ పెద్దవాళ్ళని పిలిచే గౌరవ పదం. ఇన్సాఫ్ అప్పటికే ఆడపిల్లలతో ల్యాబు హాల్లో కణపొర కట్టింది. రెండు వరసలు, వీపుకి వీపు. ఒక్కొక్కరి తలమీద గుండ్రటి టోపీ, నడుం వెనక రెండేసి రిబ్బన్ తోకలు.

"లోపలి వరస పిల్లలు వీపు ఇటు పెట్టారేంటి?" అన్నారు బే.

"పొర నిర్మాణమే అంత బే. ఇవి కొవ్వు అణువులు. తలలకి నీళ్ళంటే ఇష్టం, తోకలకి పడదు. కణం బయటా నీళ్ళే, లోపలా నీళ్ళే. అందుకని ఒక వరస తలలు బయటికి, ఇంకో వరస తలలు లోపలికి. తోకలన్నీ మధ్యలో దాక్కుంటాయి."

"మంత్రిగారు వస్తుంటే తోకలు చూపిస్తారా? అందర్నీ ఇటు తిప్పండి."

"అలా తిప్పితే పొర నిలవదండీ. కణం చచ్చిపోతుంది."

లమ్లూమ్ బే జేబులోంచి కార్యక్రమం కాగితం తీసి పైనుంచి కిందదాకా చూశారు. "ఇందులో చావు లేదమ్మా. తిప్పండి."

తిప్పారు. తర్వాత, మంత్రిగారు పొరను ఏ రూపంలో దాటాలన్న ప్రశ్న వచ్చింది. ఇన్సాఫ్ ఆక్సిజన్ పేరు చెప్పింది. ఆక్సిజన్ ఎలా దాటుతుందని బే అడిగారు.

"ఎవర్నీ అడక్కుండా సందుల్లోంచి దూరిపోతుందండీ."

"మంత్రిగారేమైనా దొంగా?"

"పోనీ గ్లూకోజు. ఒక ప్రోటీను పట్టుకుని లోపలికి దిగబెడుతుంది."

"ఆయనకి నడవడం వచ్చు."

"అయితే ఇంక సక్రియా రవాణాయే మిగిలింది," అంది ఇన్సాఫ్ నీరసంగా. "సరుకుని తక్కువున్న చోటి నుంచి ఇప్పటికే ఎక్కువున్న చోటికి తోలడం. ఖర్చంతా కణం పెట్టుకుంటుంది."

బే ముఖం వెలిగిపోయింది. "ఇదేదో మన శాఖ పద్ధతిలాగే ఉందే. ఇది ఖాయం చెయ్యండి."

పండగలాంటి ఆ రోజు రానే వచ్చింది. మంత్రిగారు గుమ్మంలో అడుగుపెట్టగానే రెండు వరసలూ ఆయనకి ఎదురుగా నిలబడి నవ్వాయి. ఆయన వరసలు దాటి లోపలికి వెళ్ళగానే, వీపు చూపకూడదు గనక అందరూ గిర్రున ఇటు తిరిగారు. ఆయన కిటికీ దగ్గరికి నడిస్తే పొరంతా కిటికీ వైపు తిరిగింది. ఆయన వెంట డైరెక్టర్లు, ఉపడైరెక్టర్లు, ఫోటోగ్రాఫర్లు ఒకర్నొకరు తోసుకుంటూ చొరబడ్డారు. లోపలికి వచ్చినవాళ్ళే తప్ప బయటికి వెళ్ళినవాడు లేడు. కణం ఉబ్బి, హెడ్మిస్ట్రెస్ పట్టుకున్న పూలగుత్తి నలిగిపోయింది. ఇన్సాఫ్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెబుతున్న పొర తన కళ్ళముందే చస్తుంటే చప్పట్లు కొట్టాల్సి వచ్చింది.

ఎట్టకేలకు మంత్రిగారు ప్రయోగాల బల్ల దగ్గరికి చేరుకున్నారు. బల్ల మీద రెండు గిన్నెలు. ఒకదాంట్లో ముడతలు పడ్డ ఎండు ద్రాక్ష, ఇంకోదాంట్లో రాత్రంతా నీళ్ళలో నానిన ద్రాక్ష. "నిమిషమే. సైన్సు తప్ప ఇంకేం మాట్లాడొద్దు," అని లమ్లూమ్ బే ఇన్సాఫ్ చెవిలో గొణిగారు.

"ఇవి నున్నగా ఉబ్బాయే, రంజాన్‌లో మా ఇంట్లో ఎండుపళ్ళు నానబెట్టి చేసే ఖుషాఫ్‌లో లాగా," అన్నారు మంత్రిగారు.

"లోపలికి నీళ్ళు వెళ్ళాయండీ."

"ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. ద్రాక్ష లోపల చక్కెర ఎక్కువ, నీళ్ళు తక్కువ. అందుకని నీళ్ళు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి, పొర గుండా వాటంతట అవే వెళ్ళిపోతాయి. ద్రవాభిసరణం అంటాం."

"మోటారు?"

"అక్కర్లేదండీ."

"గొట్టం?"

"అక్కర్లేదు."

"శాఖకి ఖర్చు?"

"ఏమీ ఉండదండీ."

మంత్రిగారు ఒక ద్రాక్ష నోట్లో వేసుకుని ఆలోచనలో పడ్డారు. ఇదే అదను అనుకుంది ఇన్సాఫ్. గబగబా చెప్పేసింది. "మంత్రిగారూ, మా ల్యాబులో చుక్క నీళ్ళు లేవు. పక్కన మసీదులో కావలసినన్ని ఉన్నాయి. మధ్యలో ఉన్నది ఈ గోడొక్కటే."

మంత్రిగారు ద్రాక్షను చూశారు. గోడను చూశారు. మళ్ళీ ద్రాక్షను చూశారు.

"అటు ఎక్కువ?"

"ఎక్కువేనండీ."

"ఇటు తక్కువ?"

"అసల్లేవు."

"మధ్యలో పొర ఒక్కటే. ఇంత శాస్త్రం చేతిలో పెట్టుకుని కుళాయి అడుగుతావేంటమ్మా?"

"అది ఇటుక గోడండీ, పొర..." అని ఇన్సాఫ్ అంటూనే ఉంది. హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ తర్వాతి మాట లమ్లూమ్ బేకి కూడా వినబడలేదు.

నెల తిరక్కుండా జాతీయ ద్రవాభిసరణ పథకం కఫ్ర్ గిమ్మేజాలో ప్రారంభమైంది. గోడకి పాలరాతి ఫలకం, ఫలకం మీద మంత్రిగారి పేరు, దాని కింద నీళ్ళు పట్టుకోడానికి పింగాణీ తొట్టి. కుళాయి కోసం పెట్టుకున్న అర్జీ, ఒకే పనికి రెండు పథకాలు కుదరవన్న కారణంగా, అక్కడితో ముగిసింది. ఇన్సాఫ్ ఆ రాత్రి అన్నం తినలేదు. తన నోటితోనే చెప్పింది కదా, గొట్టం అక్కర్లేదని. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీక, మర్నాడు పొద్దున్నే మళ్ళీ క్యాన్లు తీసుకుంది.

"గోడలోంచి వస్తున్నాయా అబ్లా?" అన్నాడు హాజీ సందూబీ.

"నా నడుంలోంచి వస్తున్నాయి."

తెచ్చిన నీళ్ళు పొయ్యడానికి ఆ కొత్త తొట్టి మాత్రం వీలుగానే ఉంది. పిల్లలు బీకర్లు అందులోనే కడుక్కునేవారు. అలా కడుగుతుండగా ఒకనాడు కైరో నుంచి తనిఖీ అధికారి దిగాడు. తొట్టిలోకి తొంగి చూశాడు. వేలు ముంచి, ఆ వేలిని వెలుతురులో పెట్టి పరిశీలించాడు.

"తడే," అన్నాడు భక్తిగా.

"అవి నేను మోసుకొచ్చి పోసిన నీళ్ళండీ," అంది ఇన్సాఫ్. ఒళ్ళు మండి చెప్పేసింది, ఏమైతే అదయిందని.

అధికారి కంగారు పడలేదు. "ఎక్కణ్ణుంచి?"

"మసీదు నుంచి."

"అంటే ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికేగా?"

"అవును గానీ..."

"మోటారు ఉందా?"

"లేదు."

"శాఖకి ఖర్చయిందా?"

ఇన్సాఫ్ చెయ్యి నడుం మీదకి పోయింది. అధికారి చిరునవ్వు నవ్వి, పథకం నూటికి నూరుపాళ్ళు విజయవంతమని, నీళ్ళు లేని స్కూళ్ళన్నిటికీ దీన్ని విస్తరించవచ్చని అక్కడే నిలబడి రాసుకున్నాడు. ఫలకం పక్కన ఫోటో దిగాడు. వెళ్ళబోతూ తలుపు వెనకున్న క్యాన్లు చూసి ఆగిపోయాడు.

"ఇవెందుకు ఇక్కడ?"

"చెప్పాను కదండీ, నీళ్ళకి."

"తప్పు కదమ్మా. బయటివాళ్ళు ఎవరైనా చూస్తే పథకం పనిచెయ్యట్లేదనుకోరూ?" అంటూ, ఎంతో అభిమానంగా, ఆ రెండు క్యాన్లనీ కారు డిక్కీలో పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి పొద్దున అబ్లా ఇన్సాఫ్ టెస్ట్‌ట్యూబుల స్టాండు రెండు చేతులతో పట్టుకుని వీధి చుట్టూ తిరిగి మసీదుకి వచ్చింది. హాజీ సందూబీ ఆమెనీ, ఆ స్టాండునీ చూశాడు. కుళాయిని సన్నటి ధార వచ్చేలా తిప్పాడు.