సీసం లేని సగటు మనిషి

జనం రక్తంలోంచి సీసం పోవాలంటే మందులక్కర్లేదండీ, మంచి ఫిల్టర్ ఉంటే చాలు! నీళ్ల ఫిల్టర్ కాదు, కంప్యూటర్‌లోది. న్యూ టౌన్‌లో ఏసీ గదిలో కూర్చుని ఆ ప్రజాసేవ చేసే భాగ్యం నాకు దక్కింది.

ఏక్‌బాల్‌పూర్‌లో పాత బ్యాటరీలు కరిగించే షెడ్డొకటి ఉంది. చుట్టుపక్కల జనానికి రక్తపరీక్షలు చేసి, ఎవరి ఒంట్లో ఎంత సీసం ఉందో ఆ లెక్కలు మా ఆఫీసుకి పంపారు. సగటు చూసి మా బాస్ ముఖర్జీ దా అదిరిపడ్డాడు.

"షర్బనాష్, కొంప మునిగింది! డేటా శుభ్రంగా లేదు, ఫిల్టర్ చెయ్యి" అన్నాడు.

చేశాను. షెడ్డు కూలీలను తీసేశాను. వాళ్లకెలాగూ ఎక్కువే ఉంటుంది, అదేం వింత? పక్కిళ్లవాళ్లను తీసేశాను. గాలి అటు వీస్తే తప్పెవరిది? పిల్లల్ని తీసేశాను. మట్టిలో ఆడమని ఎవరు చెప్పారు? చివరికి మొన్ననే ఊళ్లోకి దిగినవాళ్లు మిగిలారు. ఎంత ఆరోగ్యవంతులండీ! టీ చల్లారేలోపు పేట మొత్తానికి జబ్బు నయం చేసేశాను. సీసం సోకినవాళ్ల కోసం అక్కడ పెట్టిన వైద్యశిబిరం ఇక దేనికని రద్దు చేశారు.

ఆ షెడ్డు వెనక సందులోనే మా మంగాదేవి అత్త ఉంటుంది. ఫోన్ చేసింది.

"ఒరే, మా మనవరాలు ధాత్రికి కూడా రకతం తీసినారు కదా. గుంటకి ఒకటే కడుపునొప్పి. ఏటొచ్చిందిరా?"

"పిల్లల్ని లెక్కలోంచి తీసేశాం అత్తా."

"మరి నన్ను?"

"నువ్వు షెడ్డు పక్కన కదా. నిన్నూ తీసేశాం."

అత్త ఫోన్ పెట్టేసింది. నేను తీసేసినవాళ్లలో ధాత్రిని వెతికి చూశాను. ఆ అంకె ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. మర్నాడే పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లాం. మందులు రాసి, ముందు ఆ పొగకు దూరంగా ఉంచమన్నాడు డాక్టరు.

ఆఫీసుకెళ్లి, తీసేసినవాళ్లందరినీ మళ్లీ లెక్కలో కలిపేశాను. ముఖర్జీ దా నెత్తీ నోరూ బాదుకున్నాడు. సగటు భ్రష్టుపట్టింది. శిబిరం మళ్లీ వచ్చింది.

ఆ ఘనకార్యం చెబుదామని అత్త ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే దగ్గొచ్చింది. అత్త మంచినీళ్లిచ్చి, పొగ కేసి చూసింది.

"కూలోళ్లని తీసినావు, నన్ను తీసినావు, ఈ గుంటని తీసినావు. ఆ షెడ్డుని తియ్యడానికి మాత్రం ఎవులికీ సెయ్యి రాలేదేటిరా?"